రోగి చెప్పిన మాట, ఆస్పత్రి వేసిన అంచనా

అమెరికాలో సైనికసేవ ముగించి వచ్చినవారి వైద్యాన్ని చూసే బాధ్యత ఆ దేశపు వెటరన్స్ అఫైర్స్ శాఖది. దాదాపు 90 లక్షల మంది మాజీ సైనికులు పేర్లు నమోదు చేసుకున్న ఈ వ్యవస్థకు 170 వరకు ఆస్పత్రులు, వెయ్యికి పైగా ఔట్‌పేషెంట్ కేంద్రాలు ఉన్నాయి; ఒకే యాజమాన్యం కింద నడిచే వైద్యవ్యవస్థల్లో ఆ దేశంలో ఇంతకు మించినది లేదు. ఇక్కడికి వచ్చే రోగుల్లో వయసు పైబడినవారు ఎక్కువ. మధుమేహం, గుండెజబ్బు, ఊపిరితిత్తుల వ్యాధి ఒక్కరిలోనే కలిసి కనిపించడం సాధారణం. వీటికి తోడు యుద్ధరంగం మిగిల్చిన మానసిక గాయాలు, మద్యపానం, ఒంటరితనం, కొందరి విషయంలో నిలువనీడ లేకపోవడం కూడా ఉంటాయి. ఆస్పత్రిలో చేరడం ఖర్చుతో కూడిన పని మాత్రమే కాదు. మంచం పట్టిన కొద్దిరోజుల్లోనే వృద్ధుల కండరాలు సడలుతాయి, కొందరికి మతి స్థిమితం తప్పుతుంది, ఆస్పత్రిలోనే కొత్త ఇన్ఫెక్షన్లు సోకుతాయి. అందువల్ల రాబోయే మూడు నెలల్లోనో ఏడాదిలోనో ఆస్పత్రిలో చేరవలసి వచ్చే ముప్పు ఎవరికి ఎక్కువో ముందే గుర్తించి, వారిపై ముందుగా దృష్టి పెట్టాలన్న ఆలోచన ఈ శాఖలో బలంగా పాతుకుంది.

ఈ ముందస్తు అంచనాకు ముడిసరుకు రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి రికార్డు: రోగనిర్ధారణలు, రక్తపరీక్షల ఫలితాలు, మందుల చీటీలు, గతంలో ఎన్నిసార్లు చేరారన్న లెక్క. రెండవది రోగి స్వయంగా చెప్పేది: మెట్లు ఎక్కగలుగుతున్నదీ లేనిదీ, ఇంట్లో చూసుకునే మనిషి ఉన్నదీ లేనిదీ, తన ఆరోగ్యం తనకు ఎలా తోస్తున్నదీ. మొదటిది యంత్రం చదువుతుంది. రెండవది ఎవరైనా అడిగితే తప్ప తెలియదు. అడగడానికి ప్రశ్నావళి కావాలి, తపాలా ఖర్చు కావాలి, జవాబు రాయడానికి రోగికి ఓపిక కావాలి. ఇంత శ్రమకు తగిన ఫలితం ఉందా అన్నదే పరిశోధకులు మూడు దశాబ్దాలుగా తేల్చుకుంటున్న విషయం.

ప్రశ్నావళుల పక్షాన ఉన్న సాక్ష్యాల్లో అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది అతి చిన్న ప్రశ్నకు సంబంధించినది. ‘మొత్తం మీద మీ ఆరోగ్యం ఎలా ఉంది?’ అని అడిగి, అద్భుతంగా ఉంది, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగా లేదు అన్న అయిదు జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకోమనే ఈ ప్రశ్నను ‘స్వీయ ఆరోగ్య మదింపు’ అంటారు. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో 65 ఏళ్లు దాటినవారిని పరిశీలించి 1982లో ప్రచురించిన అధ్యయనంలో, తమ ఆరోగ్యం బాగా లేదని చెప్పినవారు, అద్భుతంగా ఉందని చెప్పినవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా తొందరలో మరణించే ముప్పులో ఉన్నట్టు తేలింది. వైద్యుల దగ్గర ఉన్న సమాచారాన్ని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ తేడా చెరిగిపోలేదు. ఎలెన్ ఐడ్లర్, యాయెల్ బెన్యమిని 1997లో ఇలాంటి 27 అధ్యయనాలను ఒకచోట చేర్చి సమీక్షించినప్పుడు, దేశాలు వేరైనా వయసులు వేరైనా దాదాపు అన్నిచోట్లా ఇదే పోకడ కనిపించింది.

మాజీ సైనికుల విషయంలో ఈ ప్రశ్న ఎంతవరకు పనిచేస్తుందన్నది 1990ల చివర ఈ శాఖకు చెందిన ఏడు వైద్యకేంద్రాల్లో నడిచిన ఒక పెద్ద ప్రయోగం వల్ల తెలిసింది. వైద్యనాణ్యతను పెంచడానికి ఉద్దేశించిన ఆ ప్రయోగంలో రోగులకు క్రమం తప్పకుండా తపాలాలో ప్రశ్నావళులు పంపి, జవాబులను భద్రపరిచారు. అసలు ప్రయోగం సంగతి తర్వాత చెప్పుకోవలసి ఉంది, కానీ అది మిగిల్చిన సమాచారరాశి పరిశోధకులకు గనిలా ఉపయోగపడింది. అందులోని 21 వేల మందికి పైగా రోగుల జవాబులను వారి తదుపరి ఏడాది చరిత్రతో జోడించి 2005లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం, మరణాన్ని గానీ ఆస్పత్రి చేరికను గానీ అంచనా వేయడంలో ఆ ఒక్క ప్రశ్న, వయసు, లింగం అనే వివరాలతో కలిసి, 36 ప్రశ్నల పొడవాటి ఆరోగ్య ప్రశ్నావళికీ, వ్యాధుల జాబితా ఆధారంగా కట్టిన సూచికకూ దాదాపు సరితూగింది.

ఒక్క ప్రశ్నకు ఇంత బలం ఎక్కడిదన్నదానికి పరిశోధకులు చెప్పే వివరణలు పలువిధాలు. మనిషి తన ఆరోగ్యాన్ని అంచనా కట్టేటప్పుడు ఇంకా పేరు పెట్టని లక్షణాలను, నిరుడు ఉన్న స్థితికీ ఇప్పటికీ మధ్య వచ్చిన మార్పును, తల్లిదండ్రులు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారన్న జ్ఞాపకాన్ని, తనకు ఉన్న ఆసరాను కలిపి చూసుకుంటాడు. రికార్డులో ఇవి వేటికవిగా కూడా ఉండవు, కలిసి అసలే ఉండవు. తన ఆరోగ్యం మీద ఆశ వదులుకున్నవాడు మందులు సరిగా వేసుకోకపోవడం వల్ల ఆ అంచనాయే కొంత నిజమయ్యే అవకాశమూ ఉంది. ఈ వివరణల్లో ఏది ఎంత పాలు అన్నది తేలకపోయినా అంచనాకు అడ్డు రాదు, ఎందుకంటే ముప్పును లెక్కించే పనికి కారణం తెలియడం తప్పనిసరి కాదు. చికిత్సకు మాత్రం తప్పనిసరి.

ఒక్క ప్రశ్నతో ఆగకుండా కొద్దిపాటి ప్రశ్నలతో ముప్పును లెక్కగట్టే పద్ధతులూ వచ్చాయి. చాడ్ బౌల్ట్ బృందం 1993లో, 70 ఏళ్లు దాటిన 5,876 మంది వివరాల ఆధారంగా, నాలుగేళ్లలో ఒకటికి మించి చేరికలు జరిగే సంభావ్యతను చెప్పే సాధనాన్ని రూపొందించింది. అందులో ఉన్నవి ఎనిమిది అంశాలే: వయసు, లింగం, స్వీయ ఆరోగ్య మదింపు, అవసరమైతే చూసుకునే మనిషి ఉన్నదీ లేనిదీ, హృద్రోగం, మధుమేహం, గత ఏడాదిలో ఆస్పత్రి చేరిక, అదే ఏడాదిలో వైద్యుణ్ని ఆరుసార్లకు మించి కలవడం. మాజీ సైనికుల కోసం తయారైన సియాటిల్ సహరోగ సూచిక ఇంకోలా సాగుతుంది. అది వయసును, పొగతాగే అలవాటును, గుండెపోటు, గుండె వైఫల్యం, క్యాన్సర్, ఊపిరితిత్తుల వ్యాధి, మధుమేహం, న్యుమోనియా, పక్షవాతం వచ్చాయా అన్న ప్రశ్నలకు రోగి ఇచ్చే జవాబులను తీసుకుని ఒక్క అంకె చేస్తుంది. సహరోగం అంటే ఒక ప్రధాన వ్యాధితో పాటు అదే మనిషిలో ఉన్న మరో వ్యాధి.

వ్యాధి తెలిసినప్పుడు ప్రశ్న మరింత పదునుగా వేయవచ్చు. జాన్ స్పెర్టస్ 1995లో ప్రచురించిన సియాటిల్ ఆంజైనా ప్రశ్నావళి ఇందుకు మంచి ఉదాహరణ. గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పిని ఆంజైనా అంటారు. 19 ప్రశ్నలున్న ఈ సాధనం, బట్టలు వేసుకోవడం మొదలుకొని బరువులు ఎత్తడం వరకు ఏ పనులు కష్టమవుతున్నాయో, నొప్పి ఎన్నిసార్లు వస్తోందో, అది ఇటీవల పెరిగిందో తగ్గిందో అడుగుతుంది. హృద్రోగం ఉన్న 5,500 మందికి పైగా మాజీ సైనికుల జవాబులను పరిశీలించిన 2002 నాటి అధ్యయనంలో, పనులకు ఇబ్బంది ఎంత ఎక్కువగా చెబితే ఏడాదిలో మరణించే అవకాశం అంత ఎక్కువగా ఉన్నట్టూ, నొప్పి ఎంత తరచుగా వస్తుందని చెబితే గుండె సంబంధమైన తీవ్రస్థితితో ఆస్పత్రిలో చేరే అవకాశం అంత ఎక్కువగా ఉన్నట్టూ కనిపించింది. యాంజియోగ్రామ్ రక్తనాళం ఎక్కడ ఇరుకైందో చూపుతుంది. ఆ ఇరుకు వల్ల మనిషి జీవితంలో ఏది ఆగిపోయిందో చెప్పగలిగేది ఆ మనిషే.

ఈ అంచనాలు ఎంత మంచివో కొలిచే పద్ధతిని తెలుసుకోకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఒక సాధనానికి ఉన్న ‘విడదీసే శక్తి’ని సున్నా నుంచి ఒకటి మధ్య ఒక సంఖ్యగా చెబుతారు. ఆస్పత్రిలో చేరినవారిలో ఒకరిని, చేరనివారిలో ఒకరిని యాదృచ్ఛికంగా తీసుకుంటే, చేరిన వ్యక్తికే సాధనం ఎక్కువ ముప్పును ముందుగా చూపి ఉండే సంభావ్యత ఎంత అన్నదే ఆ సంఖ్య. 0.5 వచ్చిందంటే నాణెం ఎగరేసినట్టే. 1 వస్తే పొరపాటు లేదన్నమాట. స్వీయ ఆరోగ్య మదింపు వంటి ప్రశ్నలు ఆస్పత్రి చేరిక విషయంలో 0.6కు కొంచెం పైన నిలుస్తాయి, మరణం విషయంలో మరికొంత మెరుగ్గా ఉంటాయి. తేడాకు కారణం ఊహించదగినదే: మరణాన్ని నిర్ణయించేది ప్రధానంగా శరీరస్థితి అయితే, ఆస్పత్రి చేరికను నిర్ణయించేవాటిలో వైద్యుడి అలవాటు, ఆస్పత్రి దూరం, ఖాళీ మంచాల సంఖ్య, ఇంట్లోవాళ్ల భయం కూడా ఉంటాయి.

ఇదిలా ఉండగా రికార్డుల వైపు నుంచి గట్టి పోటీ వచ్చింది. ఈ శాఖ 1980ల నుంచే రోగుల వివరాలను కంప్యూటర్లలో దాచడం మొదలుపెట్టింది. వాటి ఆధారంగా 2013లో ప్రచురితమైన ఒక నమూనా, ప్రాథమిక వైద్యం పొందుతున్న సుమారు 46 లక్షల మంది సమాచారంతో తయారై, రాబోయే 90 రోజుల్లోనూ ఏడాదిలోనూ ఆస్పత్రి చేరిక లేదా మరణం సంభవించే ముప్పును 0.8కి పైబడిన విడదీసే శక్తితో చెప్పగలిగింది. సంరక్షణ అవసర మదింపు స్కోరు అని చెప్పదగిన దీన్ని వారానికోసారి తిరిగి లెక్కించి ప్రాథమిక వైద్యబృందాలకు అందిస్తారు. స్కోరు 0 నుంచి 99 వరకు ఉంటుంది. 99 వచ్చిన రోగి చేరడానికి 99 శాతం అవకాశం ఉందని కాదు, మిగిలిన రోగుల వరుసలో అతని ముప్పు అందరికన్నా పైన ఉందని మాత్రమే అర్థం. ఈ రెండింటికీ మధ్య గల తేడాను మరిచిపోవడం బాగా చదువుకున్నవారిలోనూ కనిపించే పొరపాటు.

దాన్ని ఒక ఊహాలెక్కతో స్పష్టం చేయవచ్చు. వెయ్యి మంది రోగుల్లో ఏడాదిలో వంద మంది ఆస్పత్రిలో చేరతారనుకుందాం. సాధనం అత్యధిక ముప్పు ఉన్నవారని వంద మందిని ఎంచి చూపితే, వారిలో నిజంగా చేరేది ముప్పై అయిదు మందే అయినా ఆ సాధనం గుడ్డి ఎంపిక కన్నా మూడున్నర రెట్లు మెరుగు. అయినా ఎంచినవారిలో అరవై అయిదు మంది అసలు చేరరు, చేరినవారిలో అరవై అయిదు మంది జాబితాలోనే ఉండరు.

రికార్డు ఇంత చెప్పగలిగినప్పుడు ప్రశ్నావళి అవసరమేమిటన్న సందేహం సహజం. ఈ సందేహాన్ని తీర్చుకోవడానికి శాఖ పరిశోధకులు 2018లో, స్కోరు ప్రకారం ఎక్కువ ముప్పున్నవారిగా తేలిన 10,000 మందికి ప్రశ్నావళి పంపారు. 4,685 మంది జవాబిచ్చారు. ఒంటరితనం, ఒత్తిడి, రవాణా సౌకర్యం, డబ్బు ఇబ్బంది, సొంతంగా పనులు చేసుకోగల శక్తి వంటి విషయాలను వారి మాటల్లోనే సేకరించి రికార్డుకు జతచేసినప్పుడు అంచనా మెరుగుపడింది కానీ కొద్దిగానే. 2020లో వెలువడిన ఈ ఫలితాన్ని చూసి ప్రశ్నావళుల పని అయిపోయిందని తీర్మానించడం తొందరపాటు. అప్పటికే అధిక ముప్పు అని వడపోసిన గుంపులో మనుషులు ఒకరికొకరు చాలావరకు పోలి ఉంటారు కాబట్టి వారిని ఇంకా విడదీయడం ఏ సాధనానికైనా కష్టమే. అంతకన్నా ముఖ్యంగా, ముప్పు 95 అని చెప్పే స్కోరు వైద్యుణ్ని ఏం చేయమంటుందో చెప్పదు. రోగి తనను ఆస్పత్రికి తీసుకెళ్లే దిక్కు లేదని రాస్తే బండి పంపవచ్చు, మందులు కొనలేక సగం మాత్రలే వేసుకుంటున్నానని రాస్తే ఆ ఇబ్బందిని తీర్చవచ్చు. శాఖ 2018లో మొదలుపెట్టిన మరో కార్యక్రమం తిండి, ఇల్లు, రవాణా, ఒంటరితనం వంటి అవసరాలను నేరుగా అడిగి తెలుసుకోవడానికే ఉద్దేశించినది.

రికార్డుకు సొంత లోపాలు కూడా ఉన్నాయి. 65 ఏళ్లు దాటిన మాజీ సైనికుడు మెడికేర్ అనే ప్రభుత్వ బీమాతో బయటి ఆస్పత్రిలోనూ చేరవచ్చు. ఆ చేరిక శాఖ రికార్డుకు వెంటనే తెలియదు. రికార్డు చెప్పేది మనిషికి అందిన వైద్యాన్ని గురించే తప్ప అతని అవసరాన్ని గురించి కాదు. అమెరికాలో విరివిగా వాడిన ఒక వ్యాపార సాఫ్ట్‌వేర్ వైద్యఖర్చునే అవసరానికి కొలతగా తీసుకోవడం వల్ల, ఒకే స్కోరు ఉన్నవారిలో తెల్లవారికన్నా నల్లజాతివారు ఎక్కువ జబ్బుతో ఉన్నారని 2019లో బయటపడింది. వైద్యం తక్కువగా అందినవాడు లెక్కలో ఆరోగ్యవంతుడిగా కనిపించడమంత వింత ఇంకోటి ఉండదు.

అయితే రోగి మాట కూడా కల్తీ లేనిది కాదు. సర్వేకు జవాబివ్వనివారు జవాబిచ్చినవారిలాగే ఉంటారని అనుకోలేము. చూపు మందగించినవారు, ఇల్లు లేనివారు, మతిమరుపు ఉన్నవారు, బాగా నీరసించినవారు కాగితం నింపి పంపడం తక్కువ, ఆస్పత్రిలో చేరే ముప్పు ఎక్కువగా ఉండేదీ వీరికే. జవాబు ఎక్కడ ఇస్తున్నారన్నది కూడా జవాబును మారుస్తుంది. మద్యపానాన్ని మూడు ప్రశ్నలతో అంచనా వేసే పద్ధతి ఈ శాఖ క్లినిక్‌లలో ఏటా అమలవుతుంది: ఎంత తరచుగా తాగుతారు, తాగిన రోజున ఎంత తాగుతారు, ఒకేసారి ఆరు లేదా అంతకు మించి గ్లాసులు ఎన్నిసార్లు తాగారు అన్నవి ఆ ప్రశ్నలు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం, తపాలా ప్రశ్నావళిలో హానికర స్థాయిలో తాగుతున్నట్టు తేలిన మాజీ సైనికుల్లో 60 శాతానికి పైగా మందికి, క్లినిక్‌లో అవే ప్రశ్నలకు నమోదైన జవాబుల ప్రకారం ఏ సమస్యా లేదని గుర్తించింది. ఎదురుగా కూర్చున్న నర్సుకు చెప్పలేనిది కాగితానికి చెప్పడం మనుషుల స్వభావం. తొందరలో ప్రశ్నను కుదించి అడగడం సిబ్బంది స్వభావం. ఈ మూడు ప్రశ్నల జవాబులను చదవడంలో ఇంకొక మెలిక ఉంది: అసలు తాగనివారి ముప్పు, కొద్దిగా తాగేవారి ముప్పుకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని మద్యానికి యోగ్యతాపత్రంగా తీసుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే జబ్బు ముదిరి మానుకున్నవారు కూడా ‘తాగనివారి’ గుంపులోనే లెక్కకు వస్తారు.

ఇక వాయిదా వేసిన విషయానికి రావాలి. ఏడు కేంద్రాల ప్రయోగంలో అసలు ఉద్దేశం ముప్పును అంచనా వేయడం కాదు. రోగులు ప్రశ్నావళుల్లో చెప్పుకున్న స్థితిగతులను క్రమం తప్పకుండా వైద్యులకు అందిస్తే రోగుల ఆరోగ్యం బాగుపడుతుందా అని చూడడం. బాగుపడలేదని 2004లో తేలింది. సమాచారం అందింది, చేయవలసిన పని మాత్రం అందులో రాసి లేదు, చేయడానికి అదనపు సిబ్బందీ లేరు. ఆ తర్వాత సిబ్బందిని కూడా ఇచ్చి చూశారు. అయిదు కేంద్రాల్లో, ముప్పు స్కోరు 90 పైబడి, ఇటీవల ఆస్పత్రిలోనో అత్యవసర విభాగంలోనో చేరిన 2,200 మందికి పైగా రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు నర్సులు, సామాజిక కార్యకర్తలు, మానసిక వైద్యసిబ్బంది కలిసి ఇంటిదాకా వెళ్లి చూసుకునే ఏర్పాటు చేశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ గుంపులో ఔట్‌పేషెంట్ ఖర్చు పెరిగింది, ఇన్‌పేషెంట్ ఖర్చు కొంత తగ్గింది, మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇలాంటి కార్యక్రమాలు తొలుత గొప్ప విజయాలుగా కనిపించి, తర్వాత చప్పబడడానికి గణితపరమైన కారణం ఒకటుంది. దాన్ని సగటు వైపు తిరోగమనం అంటారు. ఎవరైనా మామూలుకన్నా బాగా దిగజారిన సమయంలోనే ఎంపికవుతారు కాబట్టి, ఏ సాయం లేకపోయినా తర్వాతి నెలల్లో చాలామంది కొంత కోలుకుంటారు. సాయం పొందినవారిని మాత్రమే చూస్తే ఆ కోలుకోవడమంతా సాయం ఫలితంగా కనిపిస్తుంది. న్యూజెర్సీలోని క్యామ్‌డెన్ పట్టణంలో, మాజీ సైనికులతో సంబంధం లేకుండా, తరచుగా ఆస్పత్రి పాలయ్యే రోగులపై జరిగిన ప్రసిద్ధ ప్రయోగం దీన్ని తిరుగులేకుండా చూపింది. 800 మందిని చీటీలు తీసినట్టు రెండుగా విభజించినప్పుడు, 180 రోజుల్లో తిరిగి చేరినవారు సాయం పొందిన గుంపులో 62.3 శాతం, పొందనివారిలో 61.7 శాతం అని 2020లో ప్రకటించారు. పోల్చడానికి రెండో గుంపు లేకుండా చెప్పే ఏ విజయగాథనూ నమ్మనవసరం లేదు.

భారతదేశంలో మాజీ సైనికుల వైద్యానికి 2003 ఏప్రిల్ 1న ఈసీహెచ్ఎస్ అనే చందా ఆధారిత పథకం మొదలైంది. తెలుగు రాష్ట్రాల్లోని మాజీ సైనికులు దాని పాలీక్లినిక్‌ల ద్వారానే సాధారణంగా గుర్తింపు పొందిన ఆస్పత్రులకు వెళుతున్నారు. అమెరికా ప్రశ్నావళులను తెచ్చి ఇక్కడ వాడాలనుకునేవారు అమర్త్యసేన్ 2002లో ఎత్తి చూపిన ఒక వైరుధ్యాన్ని ముందుగా చదవాలి. ఆయుర్దాయంలో దేశంలోనే ముందున్న కేరళ ప్రజలు జబ్బులున్నాయని ఎక్కువగా చెబుతారు, ఎంతో వెనకబడిన బీహార్ ప్రజలు తక్కువగా చెబుతారు, ఎంతో ధనికమైన అమెరికా ప్రజలు కేరళవారికన్నా ఎక్కువగా చెబుతారు. చదువు, వైద్యం అందుబాటు పెరిగిన చోట మనిషి తన బాధను బాధగా గుర్తించడం పెరుగుతుంది. అందుచేత ఒకే ప్రాంతంలో, ఒకే తరహా జీవితం గడిపినవారిలో ముప్పును విడదీయడానికి పనికొచ్చే జవాబు, రెండు సమాజాలను పోల్చడానికి పనికిరాకపోవచ్చు. దేశంలో వయోజనుల ఆరోగ్యంపై 2017–18లో జరిగిన మొదటి విడత లాసీ సర్వే, 45 ఏళ్లు దాటినవారినీ వారి జీవిత భాగస్వాములనూ కలిపి 72 వేలకు పైగా మందిని ఈ స్వీయ ఆరోగ్య ప్రశ్న కూడా అడిగింది కాబట్టి పునాది సమాచారం కొంత ఉంది. పాలీక్లినిక్‌లో తెలుగులో అడిగిన ప్రశ్నలకు వచ్చే జవాబులను కనీసం ఒక ఏడాది ఆస్పత్రి చేరికలతో సరిచూసి, ఇక్కడి మనుషులకు ఏ జవాబు ఎంత ముప్పును సూచిస్తుందో తేల్చనంత వరకు, మరో దేశపు మాజీ సైనికుల మీద గీసిన గీతలను ఇక్కడివారికి వర్తింపజేయడం సమర్థనీయం కాదు.